పొద్దున్న 5.5, మధ్యాహ్నం 6.7: ఒక టర్బో హ్యాచ్‌బ్యాక్ కేస్

నేపథ్యం

ఈ బండి నా షెడ్డుకు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడిన నెల అది. కాలువలకు నీళ్ళు ఆపేశారు, దాళ్వా (రెండో పంట వరి) కోతలు నడుస్తున్నాయి, రోడ్డు మీద ఎక్కడ చూసినా వరి మిషన్లు, ఊక దుమ్ము. ఈ వివరం ఊరికే రాయడం లేదు, తర్వాత దీనితో పని ఉంది.

యజమాని పాతికేళ్ళు దాటిన కుర్రాడు. రొయ్యల చెరువులున్న కుటుంబం. ఊరు, మోడల్, రంగు రాయను. మా వైపు ఇలాంటి బళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, రంగు చెప్తే చాలు ఎవరిదో తెలిసిపోతుంది. తరగతి మాత్రం చెప్తాను. బాలెనో ఆర్‌ఎస్ 102 పీఎస్ (ఇంజిన్ శక్తి కొలత, దాదాపు హార్స్‌పవర్ లాంటిదే), పోలో ఒక లీటరు టీఎస్‌ఐ 110, ఐ20 ఎన్ లైన్ 120. ఆ కోవలోది. మూడు సిలిండర్లు, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే చిన్న టర్బో, అలా వేడెక్కిన గాలిని చల్లార్చడానికి ముందు బంపర్ వెనక బయటి గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్, మాన్యువల్ గేర్లు.

నా దగ్గరికి రాకముందే దాని మీద లక్షకు పైగా ఖర్చయింది. ఒక పెద్ద ఊరి ట్యూనింగ్ షాపులో ఈసీయూ రీమ్యాప్ చేయించారు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లో ఫైలు మార్పించారు. 140 పీఎస్, 235 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) అని కాగితం ఇచ్చారు. గాలి వడకట్టే కంపెనీ డబ్బా ఫిల్టర్ తీసేసి, డబ్బా లేని కోన్ ఫిల్టర్ పెట్టారు. వెనక మఫ్లర్ మారింది. కంపెనీ 15 అంగుళాల చక్రాల స్థానంలో 17 అంగుళాల అల్లాయ్‌లు వచ్చాయి. ఇన్ని మార్పుల్లో ఒక్కదానికి కూడా ముందు ఎంత, తర్వాత ఎంత అన్న లెక్క లేదు. కాగితం మీదున్న 140 ఆ బండిది కాదు, ఆ ఫైలు పేరు మీద అందరికీ ఇచ్చే అంకె.

సమస్య

"గురువుగారూ, పొద్దున్న పిలిస్తే పలుకుతుందండి. మధ్యాహ్నం భీమవరం వెళ్ళొచ్చేసరికి మొద్దుబారిపోతుంది. డౌన్‌పైప్ వేసి స్టేజ్ టూ చేసేస్తే సరిపోతుందంటున్నారండి, మీరే వేసెయ్యండి" అన్నాడు.

వెయ్యనన్నాను. రెండు కారణాలు చెప్పాను. మొదటిది, వాళ్ళు వెయ్యమన్న డౌన్‌పైప్‌లో, అంటే టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టంలో, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండదు. ఆ పని నేను ఎవరికీ చెయ్యను. పొగ సంగతి ఒకటైతే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇప్పటికే చేయించిన రీమ్యాప్ వల్ల వారంటీ పోవచ్చు, రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అభ్యంతరం పెట్టొచ్చు. అది కూడా కూర్చోబెట్టి చెప్పాను. రెండోది, ఎండలో మొద్దుబారుతున్న ఇంజిన్‌కు స్టేజ్ టూ పేరుతో ఇంకా బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచితే ఇంకా వేడి పుడుతుంది. జబ్బు తెలియకుండా మోతాదు పెంచడం అవుతుంది.

"బాబూ, కొత్త సామాను కొనే ముందు, పెట్టింది ఎంత ఇస్తోందో చూద్దాం. నెల రోజులు నాకు టైమివ్వు" అన్నాను. ఆయ్ అన్నాడు గానీ మొహంలో నిరాశ కనిపించింది.

కొలతలో నేను చేసిన తప్పులు

మా దగ్గర డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) లేదు. అందుకని రోడ్డు మీదే కొలవాలి. మొదట సెల్‌ఫోన్‌తో స్పీడోమీటరు వీడియో తీసి, దాన్ని ఆపుకుంటూ లెక్కపెట్టాను. ఒకే బండి, ఒకే గంటలో, అర సెకను అటూ ఇటూ వచ్చింది. పైగా 17 అంగుళాల చక్రాలతో టైరు మొత్తం చుట్టుకొలత మారింది, కాబట్టి మీటరు చూపే 100 అసలు 100 కాదు.

తర్వాత ఫోన్ జీపీఎస్ యాప్ వాడాను. అదీ పనికిరాలేదు. నా ఫోన్ సెకనుకు ఒక్కసారే వేగం రాస్తుంది. ఈ బండి మూడో గేర్లో సెకనుకు ఆరున్నర, ఏడు కిలోమీటర్ల వేగం పెంచుకుంటుంది. నేను వెతుకుతున్న తేడా సెకనులో మూడో వంతు. బియ్యం తూచే కాటా మీద బంగారం తూచినట్టే అది. రెండు వారాలు ఇలా పోయాయి. చివరికి తెలిసినవాళ్ళ దగ్గర సెకనుకు పదిసార్లు రాసే జీపీఎస్ లాగర్ తెచ్చుకున్నాను. ఇంజిన్ లోపలి అంకెల కోసం బండి కంప్యూటర్ నుంచి తీసే ఓబీడీ లాగ్, ఫిల్టర్ నోటి దగ్గర గాలి వేడికి ఒక థర్మోకపుల్ తీగ పెట్టాను.

ఏం కొలవాలన్నదీ ఆలోచించాల్సి వచ్చింది. అందరూ అడిగేది సున్నా నుంచి వంద. అందులో క్లచ్ ఎలా వదిలాం, టైరు ఎంత జారింది, గేరు ఎంత త్వరగా మార్చాం అన్నవి కలిసిపోతాయి. అది ఇంజిన్ కన్నా డ్రైవర్‌ని ఎక్కువ కొలుస్తుంది. అందుకని మూడో గేర్లో 60 నుంచి 100 ఎంచుకున్నాను. గేరు మారదు, టైరు జారదు, రోడ్డు మీద 100 దాటక్కర్లేదు. నేను నడుపుతాను, పక్క సీట్లో మా కుర్రాడు లాప్‌టాప్ చూస్తాడు. ముందు ఏ బండి కనిపించినా ఆ పరుగు వదిలేస్తాం. ఎన్నో పరుగులు అలా వదిలేశాం.

చోటు రావులపాలెం, తణుకుల మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఒక తిన్నని ముక్క. కొలతకు మన డెల్టా నేల వరం లాంటిది, ఎత్తుపల్లాలు లేవు. ఫ్లైఓవర్లు, కాలువ వంతెనల ఎక్కుడు దిగుళ్ళు తప్పించుకుంటే చాలు. గాలి మాత్రం తప్పించుకోలేం. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. అందుకని అటు నాలుగు, ఇటు నాలుగు పరుగులు తీసి సగటు చూశాను. ప్రతిసారీ సగం ట్యాంకు, చల్లగా ఉన్నప్పుడు టైర్లలో 33 పీఎస్ఐ గాలి. రైస్ మిల్లు దగ్గరున్న లారీ కాటా మీద బండిని మా ఇద్దరితో కలిపి తూయిస్తే 1230 కిలోలు వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంకోటి చేశాను. ఏమీ మార్చకుండా రెండు వేర్వేరు ఉదయాలు కొలిచాను. ఒకరోజు సగటు 5.50, ఇంకోరోజు 5.58. విడివిడి పరుగుల్లో 0.12 దాకా అటూ ఇటూ వచ్చింది. దాన్నిబట్టి నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. రెండు సగటుల మధ్య 0.15 సెకను కన్నా తక్కువ తేడా వస్తే తేడా లేదనే రాసుకోవాలి. తర్వాత ఈ నియమం చాలాసార్లు నా నోరు మూయించింది.

మొదటి అసలు లెక్క

వచ్చిన రూపంలో ఉదయం ఆరు గంటలకు 5.5 సెకన్లు. మధ్యాహ్నం రెండు గంటలకు, నీడలో 39 డిగ్రీలు, ఊళ్ళో పావుగంట నెమ్మదిగా తిప్పి హైవే ఎక్కితే మొదటి జంట పరుగులు (అటొకటి, ఇటొకటి) 6.0, చివరి జంట 6.7. కుర్రాడు చెప్పింది ఊహ కాదని తేలింది. ఉదయానికీ మధ్యాహ్నానికీ 1.2 సెకన్ల తేడా ఉంది.

ఇందులో కొంత ప్రకృతి లెక్క. జనవరి ఉదయం 20 డిగ్రీల గాలితో పోలిస్తే మన వేసవిలో 38 డిగ్రీల తేమ గాలిలో ఘనపు మీటరుకు పొడిగాలి దాదాపు ఎనిమిది శాతం తక్కువ. కొంత వేడి వల్ల గాలి వ్యాకోచించి, కొంత ఆక్సిజన్ చోటులో నీటి ఆవిరి చేరి. టర్బో ఈ లోటును కొంత పూడుస్తుంది, కానీ అందుకు ఎక్కువ ఒత్తిడి చెయ్యాలి, ఒత్తిడి చేస్తే గాలి ఇంకా వేడెక్కుతుంది. ఉదయం కూడా వేసవి ఉదయమే కాబట్టి ఇక్కడ ఆ తేడా ఎనిమిది శాతం కన్నా తక్కువే ఉండాలి. 5.5 నుంచి 6.7 అంటే ఇరవై శాతం పైన. మిగతాది బండిలోనే ఉంది.

లాగ్ చూస్తే చివరి పరుగులో ఇంటర్‌కూలర్ దాటిన గాలి 71 డిగ్రీలు. నాకింగ్‌ను (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి మండడాన్ని) పసిగట్టే సెన్సర్ మాట విని ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ ఇచ్చే క్షణాన్ని, 7 డిగ్రీలు వెనక్కి లాగుతోంది. ఇంజిన్ తనను తాను కాపాడుకుంటోంది. దాన్నే మనం మొద్దుబారడం అంటున్నాం.

ఒక్కొక్కటీ విప్పుతూ

ముందు కొలత లేని బండికి ముందు రూపాన్ని తిరిగి తేవడమే దారి. అదృష్టం కొద్దీ కంపెనీ ఫిల్టర్ డబ్బా వాళ్ళింటి అటక మీదుంది, పాత చక్రాలు గోడౌన్లో ఉన్నాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలని పట్టుబట్టాను. రెండు కలిపి మారిస్తే పని తొందరగా అవుతుంది గానీ ఏది ఎంత ఇచ్చిందో ఎప్పటికీ తెలియదు.

మొదట కోన్ ఫిల్టర్ తీసి డబ్బా పెట్టాం. ఉదయం 5.5, మార్పు లేదు. మధ్యాహ్నం చివరి జంట 6.7 నుంచి 6.3కి తగ్గింది. కారణం థర్మోకపుల్ చెప్పింది. ట్రాఫిక్‌లో కోన్ ఫిల్టర్ పీల్చే గాలి 62 డిగ్రీలు, అది బానెట్ కింద ఇంజిన్ వేడి. డబ్బాకు ముందు గ్రిల్ నుంచి గొట్టం ఉంది కాబట్టి 44 దాటలేదు. ఆరు వేలు పెట్టి కొన్న ఫిల్టర్ ఉదయం ఏమీ ఇవ్వలేదు, మధ్యాహ్నం తీసుకుంది. దాని శబ్దం మాత్రం బాగుంటుంది. ఆ శబ్దాన్నే కుర్రాడు శక్తి అనుకున్నాడు, ఎవరైనా అనుకుంటారు.

తర్వాత పెద్ద ఇంటర్‌కూలర్ కొందామన్నాడు. నేనూ ఒప్పుకోబోయాను. కొనే ముందు ఉన్నది చూద్దామని బంపర్ విప్పితే, ఫిన్స్ (గాలి తగిలి చల్లబడే పల్చటి రేకులు) కనపడలేదు. ఊక, గడ్డి నలుసులు, రాత్రి చెరువుల లైట్లకు మూగే పురుగులు, వాటి మీద బురద. మూడో వంతు పైగా మూసుకుపోయింది. ప్రెషర్ వాషర్ వాడలేదు, ఫిన్స్ వంగిపోతాయి. సబ్బునీళ్ళతో నానబెట్టి, వెనక నుంచి ముందుకు మామూలు పైపుతో కడిగాం. పూట పని, ఖర్చు లేదు. ఇంటర్‌కూలర్ దాటిన గాలి డబ్బా పెట్టాక 66 ఉండేది, 57కు దిగింది. మధ్యాహ్నం చివరి జంట 6.1.

పాతదాన్ని కడిగి కొలవకుండా నేరుగా కొత్త ఇంటర్‌కూలర్ బిగించి ఉంటే ఇంతకన్నా మంచి ఫలితమే వచ్చేది. ఆ ఘనతంతా దానికే ఇచ్చేవాళ్ళం. పైగా మరుసటి కోతలకు అదీ మూసుకుపోయేది.

పెట్రోలు దగ్గర ఆగిపోయిన సంగతి

ఇప్పటికీ టైమింగ్ నాలుగున్నర డిగ్రీలు వెనక్కి పోతోంది. రీమ్యాప్ ఫైలు 95 ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) పెట్రోలుకు రాసినది. కుర్రాడు అప్పట్లో ఊళ్ళో బంక్‌లో దొరికిన మామూలు 91 పోయిస్తున్నాడు. ట్యాంకు దాదాపు ఖాళీ చేసి 95 నింపితే టైమింగ్ వెనక్కి పోవడం ఒకటిన్నర డిగ్రీకి తగ్గింది, మధ్యాహ్నం చివరి జంట 5.8 వచ్చింది. కారణం రుజువైంది. కానీ వైద్యం కుదరలేదు. ఆ పెట్రోలు అప్పట్లో పెద్ద ఊళ్ళలో కొన్ని బంకుల్లోనే ఉండేది. రోజూ చెరువుల మీదకు తిరిగే మనిషి దానికోసం ముప్ఫై కిలోమీటర్లు పోడు. పోయించుకుంటానని మాటిస్తాడు, రెండో నెల మానేస్తాడు. ఆ రోజు ఇంజిన్ మళ్ళీ సెన్సర్ దయ మీద బతకాలి. అందుకని ఫైలునే 91కి సరిపడేలా మార్చాలని నిర్ణయించుకున్నాను.

రీమ్యాప్ చేసిన షాపును అడిగితే 91 ఫైలు అని ఒకటి పంపారు. ఎక్కించి కొలిచాం. మధ్యాహ్నం 6.1, టైమింగ్ అంతే వెనక్కి. లాగ్‌లో బూస్ట్ గీత పాత దాని మీద పెడితే ఒకదాని మీద ఒకటి కూర్చుంది. ఫైలు పేరు మారింది, లోపల ఏమీ మారలేదు. ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించాను. జవాబు రాలేదు. డబ్బు అడిగి గొడవ పెట్టుకోవడం కన్నా ముందుకు పోదామన్నాడు కుర్రాడు. నాకు బాధగానే ఉంది. లాగర్ లేకపోతే కొత్త ఫైలుతో బండి మెత్తగా అయింది గురువుగారూ అని అతనే అనేవాడు, నేనూ తలూపేవాణ్ణి.

ఇంకో కారణం కూడా ఆ ఫైలు తీసెయ్యమని చెప్పింది. ఒకే గేర్లో ఇంజిన్ ఆర్‌పీఎంను వేగంతో భాగిస్తే ఎప్పుడూ ఒకే అంకె రావాలి. నాలుగో గేర్లో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు ఆ అంకె క్షణంపాటు పెరుగుతోంది. అంటే క్లచ్ జారుతోంది. అది పాదానికి తెలియనంత చిన్నది, లాగ్‌లోనే కనిపిస్తుంది. కాగితం మీది ఆ 235 న్యూటన్ మీటర్లు నిజంగా వచ్చిన క్షణాల్లో ఆ క్లచ్ దాన్ని మొయ్యలేకపోతోంది.

పనిచేసింది

ఈ పనిలోనే ఉన్న నా పాత మిత్రుడొకరు ఫైలు రాశారు. ఇద్దరం లాగ్‌లు ముందు పెట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాం. మూడు నిర్ణయాలు తీసుకున్నాం. గరిష్ఠ టార్క్ లక్ష్యం 205 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి, క్లచ్ దానికి జారదు. 2000 ఆర్‌పీఎం లోపు బూస్ట్ నెమ్మదిగా ఎక్కాలి. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్ దగ్గర స్పార్క్ రాకముందే మంట అంటుకునే ప్రమాదం ఉంది. అది పిస్టన్‌ను పగలగొట్టగలదు. మూడోది, ఇంటర్‌కూలర్ దాటిన గాలి 50 డిగ్రీలు దాటితే సెన్సర్ అరిచేదాకా ఆగకుండా ఫైలే ముందుగా బూస్ట్ కాస్త తగ్గించాలి.

ఫలితం ఉదయం 5.7, మధ్యాహ్నం చివరి జంట 5.9. మామూలు 91 పెట్రోలుతో. టైమింగ్ వెనక్కి పోవడం ఒకటి, రెండు డిగ్రీల మధ్య. క్లచ్ అంకె కదల్లేదు.

కుర్రాడికి ఉదయపు 5.7 నచ్చలేదు. అంతకుముందు 5.5 కదా అన్నాడు. నిజమే, ఆ 0.2 పోగొట్టుకున్నాం, నా నియమం ప్రకారం అది తేడానే. "నువ్వు బండి ఎక్కువగా ఏ టైములో నడుపుతావు?" అని అడిగాను. పదకొండు నుంచి నాలుగు దాకా అన్నాడు. ఇంక మాట్లాడలేదు.

చివరగా కంపెనీ ఫైలు వేసి కొలిచాం. ఉదయం 6.3, మధ్యాహ్నం 6.5. అంటే వచ్చిన రోజు, లక్ష రూపాయలు పెట్టి మార్పించిన బండి మధ్యాహ్నం కంపెనీ బండి కన్నా నెమ్మదిగా ఉంది. ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. 6.5 కొలిచేనాటికి ఇంటర్‌కూలర్ శుభ్రంగా ఉంది, 15 అంగుళాల చక్రాలున్నాయి. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసి కుర్రాడు చాలాసేపు ఏమీ అనలేదు.

శక్తి లెక్క కూడా వేశాను. 1230 కిలోలను 60 నుంచి 100కి తీసుకెళ్ళడానికి కావలసిన గతిశక్తి సుమారు 304 కిలోజౌళ్ళు. 6.5 సెకన్లలో అయితే సగటు 46.7 కిలోవాట్లు, 5.9లో అయితే 51.5. తేడా 4.8, అంటే ఆరున్నర పీఎస్. గాలి నిరోధం, టైర్ల రాపిడి పోను బండిని ముందుకు నెట్టడానికి మిగిలిన సగటు శక్తిలో తేడా ఇది. కాగితం మీదిది గరిష్ఠ అంకె కాబట్టి రెంటినీ ఒకేలా చూడకూడదు. కానీ ముప్ఫై పీఎస్ పెరిగిందని నమ్మి డబ్బు పెట్టినవాడికి ఈ ఆరున్నర కూడా తెలియాలి.

చక్రాల మాట. కొత్త చక్రం టైరుతో కలిపి పాతదానికన్నా నాలుగు కిలోలు బరువు. నాలుగింటికీ 16 కిలోలు, తిరిగేవి కాబట్టి వాటి ప్రభావం 27 కిలోలంత. లెక్క ప్రకారం 0.12 సెకను రావాలి. కొలతలో 0.1 వచ్చింది, నా నియమం ప్రకారం తేలలేదు. ఆ లెక్క మీద ఆధారపడి చక్రాలు మార్చమని చెప్పలేదు. కాలువగట్టు రోడ్ల గోతులకు పల్చటి టైరు గోడ ఆగదనే 15కి వెళ్ళమన్నాను. ఆ పాత చక్రాల టైర్లు గట్టిబడిపోయాయి, కొత్తవి వేయించాడు. ఇళ్ళు లేవని ఒక లేఅవుట్ రోడ్డు మీద యజమానిని అడిగి బ్రేకు కొలిస్తే, 60 నుంచి ఆగడానికి పాత టైర్లతో 17.8 మీటర్లు, కొత్తవాటితో 15.6. కేసు మొత్తంలో నాకు బాగా తృప్తినిచ్చిన అంకె అదే. అదే పూట బ్రేకు ద్రవం కూడా మార్చాను. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, పీల్చుకున్నకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. మన దగ్గర తేమకు కొదవ లేదు.

ఇప్పుడు నా షెడ్డులో మారినవి

ట్యూనింగ్ అడిగి వచ్చే బండికి మొదట బంపర్ విప్పుతాను. ఫిన్స్, ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చూసి, లాగర్ పెట్టి, ఏమీ మార్చకుండా రెండు రోజులు కొలుస్తాను. ఆ రెండు రోజులకు డబ్బు తీసుకుంటాను, ముందే చెప్తాను. కొందరు వెళ్ళిపోతారు. ఉదయం మాత్రమే కొలిచిన అంకెను బిల్లు మీద రాయను. ఏ పెట్రోలు పోయిస్తారో, ఏ బంక్‌లోనో అడిగి రాసుకుంటాను.

2023 జూన్ మొదటి వారం, రోహిణి కార్తెలో, అదే బండిని అదే ముక్క మీద మళ్ళీ కొలిచాం. మధ్యాహ్నం చివరి జంట 6.1 వచ్చింది. నాకు టెన్షన్ వచ్చింది, ఏడాదికే 0.2 పోయిందేమిటని. బంపర్ విప్పితే దాళ్వా ఊక మళ్ళీ పట్టింది. కడిగి మర్నాడు తీస్తే 5.9.